మాజాంగ్ బిళ్ళ మీద ఆ అంకె ఎవరు వేశారు?

మాజాంగ్ అనగానే విండోస్ 7లో జతలు కలిపి తీసేసే గేమ్ గుర్తొచ్చిందా? దాన్ని పక్కన పెట్టేయండి. అది ఒక్కరే ఆడుకునే కంప్యూటర్ గేమ్. అసలు మాజాంగ్ నలుగురు కూర్చుని ఆడేది, 19వ శతాబ్దపు చైనాలో రూపం తీసుకున్నది.

పదమూడు ముక్కల రమ్మీ వచ్చినవాళ్ళకి ఇది సగం వచ్చినట్టే. చేతిలో 13 బిళ్ళలు. ఒకటి తీయాలి, ఒకటి పడేయాలి. మూడేసి బిళ్ళల సెట్లు నాలుగు, పైన ఒక జత, మొత్తం 14 కుదిరితే ఆట మీదే.

కొత్తవాళ్ళు తికమక పడేది బొమ్మల దగ్గర. పూర్తి సెట్‌లో 144 బిళ్ళలుంటే, వాటిలో 108 మూడు రకాలవి. ఇంగ్లిష్‌లో డాట్స్, బాంబూస్, క్యారెక్టర్స్ అంటారు. ఈ పేర్లు బట్టీ కొడితే బుర్రకేమీ ఎక్కదు. నిజానికి ఇదంతా డబ్బు! డాట్ అంటే నాణెం. వెదురు అనుకుంటున్నది మధ్యలో చిల్లున్న నాణేలని తాడుకి గుచ్చిన దండ. మూడోది 'వాన్', అంటే పదివేలు. చిల్లర, దండ, పదివేలు. ఇలా చెప్తే ఎవరైనా మర్చిపోతారా?

మరి వెదురు ఎక్కణ్ణుంచి వచ్చింది? ఆట ఇంగ్లిష్‌లోకి వెళ్ళినప్పుడు వచ్చింది. జోసెఫ్ పార్క్ బాబ్‌కాక్ అనే అమెరికన్ చైనాలో స్టాండర్డ్ ఆయిల్ కంపెనీ ఉద్యోగి. 1920లో రూల్స్ తేలిక చేసి చిన్న పుస్తకం వేశాడు. చైనీస్ చదవలేనివాళ్ళ కోసం బిళ్ళల మూలల్లో అంకెలు చేర్చాడు. మా భాషలో చెప్పాలంటే యూజర్ ఇంటర్‌ఫేస్ మార్చాడు. పేరుకి ట్రేడ్‌మార్క్ కూడా తీసుకున్నాడు. అంకెలు వేయడం మంచి పనే, కానీ ఆట పేరు మీద హక్కు మాత్రం నాకు మింగుడు పడదు.

1923 నాటికి అమెరికాలో పిచ్చి పట్టేసింది. బిళ్ళలకి ఎముకలు చాలక, అక్కడి పశువుల ఎముకలు ఓడల్లో చైనాకి పంపారు. కన్ఫ్యూషియస్ కనిపెట్టిన ఆట అని ప్రచారం చేసి మరీ అమ్మారు, పచ్చి అబద్ధం. పార్టీల్లో తెల్ల ఆడవాళ్ళు చైనా పట్టుబట్టలు కట్టుకుని ఆడేవాళ్ళు. అదే సమయంలో చైనా కూలీలు దేశంలోకి రాకుండా 1882లో చేసిన చట్టం అమల్లోనే ఉంది. 1943 దాకా ఎత్తేయలేదు. ఆట రావచ్చు, ఆడేవాళ్ళు రాకూడదు!

ఇప్పుడు మీ చేతికి అంకెలు లేని సెట్ వస్తే కంగారు పడకండి. వాన్‌లో ఒకటి, రెండు, మూడు అంటే పైన అన్ని అడ్డగీతలే. నాలుగు నుంచి తొమ్మిది దాకా ఆరు గుర్తులు నేర్చుకుంటే చాలు. ఒక్కటి మాత్రం చూసుకోండి: దండల్లో ఒకటో బిళ్ళ మీద మామూలుగా దండ కనపడదు, పిట్ట ఉంటుంది.