పాలమూరు బడులలో ఋతుచక్ర బోధన

ఆడపిల్ల తన దేహధర్మమును ఎవరివలన, ఏ రీతిగ తెలిసికొనుచు వచ్చినదను ప్రశ్నను మన విద్యాచరిత్రలు దాదాపుగ తాకకయే విడిచినవి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలు 2016 అక్టోబరు 11న పాలమూరు జిల్లానుండి విడివడి వేర్వేరు పేరులు ధరించినను, ఈ విషయమున వాని గతము ఒక్కటియే. గద్వాల చుట్టుపట్ల నున్న నడిగడ్డనుండి నల్లమల అంచువరకు వ్యాపించిన ఈ మెట్టసీమలో ఆ జ్ఞానము మొదట నోటిమీదుగ, పిదప పుస్తకముమీదుగ అందినది, ఇటీవల చేతిమీదుగ అందనారంభించినది. పిల్లలు తామే గ్రుచ్చి, మలచి, కొలిచి నేర్చుకొను ఈ కడపటి పద్ధతి తక్కిన రెండింటికన్న మేలైనదని నా నిశ్చితాభిప్రాయము. దానికి కారణము ఈ సీమ చరిత్రలోనే కలదు.

పూర్వము ఇంటిలో జరిగినది బోధనయే కాదనుట సరికాదు. పిల్ల పెద్దమనిషి కాగానే వేరుగ చాపపై కూర్చుండబెట్టి, నువ్వులు బెల్లము కలిపి దంచిన చిమ్మిలి తినిపించి, మేనత్తలు, అమ్మమ్మలు, ఇరుగుపొరుగు ముత్తైదువలు చుట్టుచేరి, గుడ్డ ఎట్లు మడువవలెనో, ఎచ్చట ఆరవేయవలెనో, ఏది ముట్టరాదో, ఎన్నవనాడు తలంటుకొనవలెనో పూసగ్రుచ్చినట్లు చెప్పెడివారు. మైలబట్టలు ఉతుకు భారము చాకలి యిల్లాలిపై పడెడిదని కూడ ఇచట మరువరాదు. ఇంత వివరముగ చెప్పిన ఆ తల్లులు చెప్పనిది ఒక్కటే: ఈ రక్తము ఎక్కడినుండి, ఏల వచ్చుచున్నదనునది. అది వారి దోషము కాదు. వారికిని ఎవరును చెప్పియుండలేదు.

శాస్త్రజ్ఞులకు సైతము ఈ చక్రము చిరకాలము అంతుబట్టలేదు. ఆర్తవము పన్నెండవయేట ఆరంభమై యేబదవయేట ఉడుగునని సుశ్రుతసంహిత చక్కగ గుర్తించినది గాని, అండము ఎప్పుడు విడుదలయగునో ఏ దేశపు వైద్యుడును ఎరుగడు. 1827లో ఫాన్ బేర్ అను శాస్త్రజ్ఞుడు క్షీరదముల అండమును కనుగొనిన తరువాత కూడ దాదాపు నూరేండ్లు గడచిన పిదపనే, 1924లో జపానీయుడైన ఓగినో, అటుపై ఆస్ట్రియాకు చెందిన క్నౌస్, రాబోవు ఋతువునకు సుమారు రెండు వారముల ముందు అండము వెలువడునని స్థిరపరచిరి. లెక్క గత ఋతువునుండి ముందునకు గాక, రాబోవు ఋతువునుండి వెనుకకు వేయవలెనను ఈ సంగతి బోధకులకు మిక్కిలి ముఖ్యము.

ఆ దశాబ్దముననే నైజాము రాజ్యమున తెలుగువారు మేల్కొనిరి. గద్వాల ప్రాంతపు ఇటిక్యాలపాడువాడైన సురవరము ప్రతాపరెడ్డి 1926లో గోలకొండ పత్రికను స్థాపించెను. 1930లో జోగిపేటలో ఆంధ్రమహాసభ తొలి సమావేశముతోపాటు నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన మహిళాసభ జరిగెను. 1936లో మహాసభ నాటి పాలమూరు జిల్లాలోని షాద్‌నగరునకే వచ్చెను. బాలికను బడికి రప్పించుటయే మహాకార్యమై యుండిన ఆ దినములలో, బడిలో దేహశాస్త్రమునుగూడ చెప్పింపలేదని సంస్కర్తలను నిందించుట న్యాయము కాదు. రాజుల యుద్ధములను ప్రక్కకు నెట్టి ప్రజల తిండిని, బట్టను, ఆటలను, నమ్మకములను చరిత్రలోని కెక్కించిన ప్రతాపరెడ్డి మార్గమే ఇట్టి పరిశీలనలకు ఆధారము. ఆయన జన్మదినమైన మే 28వ తేదీయే 2014వ సంవత్సరమునుండి ప్రపంచ ఋతుపరిశుభ్రతా దినముగ పాటింపబడుట యాదృచ్ఛికమే యైనను నాకు ప్రీతికరము. ఐదు దినముల స్రావమునకును, ఇరువదియెనిమిది దినముల చక్రమునకును గుర్తుగ ఐదవ నెల ఇరువదియెనిమిదవ తేదీని ఎన్నుకొనిరి.

అచ్చుపుస్తకము ఈ నిశ్శబ్దమును కొంత భంగపరచినది. హైదరాబాదు స్త్రీల బృందమొకటి కూర్చగా 1991లో వెలువడిన ‘సవాలక్ష సందేహాలు’ తెలుగు స్త్రీకి తన దేహమును నిర్భయముగ పరిచయము చేసెను. పాఠశాలలలోనికి మాత్రము ఈ విషయము జనాభావిద్య యనియు, కౌమారవిద్య యనియు పేరులు మార్చుకొనుచు మెల్లగ ప్రవేశించినది. 2007లో పెక్కు రాష్ట్రములు కౌమారవిద్యా కార్యక్రమమును అడ్డగించినవి కూడ. నేడు ఎనిమిదవ తరగతి జీవశాస్త్రమున కౌమారదశపై పాఠము కలదు. కాని మార్కులకొరకు గర్భాశయపు పటమును తప్పులేక గీచిన బాలిక, అది తన పొత్తికడుపులోనే యున్నదని పోల్చుకొనజాలకపోవుట అరుదు కాదు.

ఇచ్చట గద్వాల పొలములను తలచుకొనవలసి యున్నది. 1970లో సూరత్తునుండి తొలి వాణిజ్య సంకరపత్తి వెలువడిన పిదప విత్తనపత్తి సాగు క్రమముగ దక్షిణమునకు విస్తరించి, నడిగడ్డ దానికి ముఖ్యస్థానమయ్యెను. సాయంకాలము మొగ్గలోని కేసరములను గోటితో తొలగించి, మరునాటి ఉదయము మగపూవు పుప్పొడిని కీలాగ్రమునకు రాచు ఆ పనిని క్రాసింగు అందురు. సన్నని వ్రేళ్ళు కావలెనను నెపమున, తక్కువ కూలికి దొరకుదురను నిజమున, ఎందరో ఆడపిల్లలను బడి మానిపించి ఈ చేలలోనికి దించిరి. అండాశయమును, పుప్పొడిని, ఫలదీకరణమును ఈ బాలికలంత సన్నిహితముగ చేతితో నెరిగినవారు పట్టణపు ప్రయోగశాలలలోనైనను అరుదు; అయినను ఆ ఎరుకకును వారి దేహమునకును నడుమ వంతెన వేసినవారు లేరైరి. 2011 జనగణన లెక్కలను నేటి హద్దులకు సర్దిచూచిన, గద్వాల జిల్లాలో అక్షరాస్యులు సగమునకు కొంచెము తక్కువగనే తేలుదురు.

2004లో ఆరంభమైన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయములు ఆ వంతెనకు చోటు చూపినవి. తల్లికి దూరముగ, వసతిగృహమున తొలి ఋతువు చూచిన పిల్లకు ఉపాధ్యాయినియే తల్లి యగును. 1972లో హోషంగాబాదున మొదలైన కృత్యాధార విజ్ఞానబోధ సంప్రదాయమును, తెలుగునాట జనవిజ్ఞానవేదిక ‘చెకుముకి’ వంటి పత్రికలద్వారా పెంచిన ప్రయోగాభిరుచియు ఇచట అక్కరకు వచ్చును. పిల్లలు దారమునకు పూసలు గ్రుచ్చుదురు: ఐదు ఎర్రనివి, పిదప తెల్లనివి, అండము వెలువడు దినమునకు పెద్ద పూస ఒకటి. ఒకతె దండ ఇరువదియెనిమిది పూసలది, మరియొకతెది ముప్పదియైదు. తొలి ఏండ్లలో ఇరువదియొకటినుండి నలువదియైదు దినములవరకు తేడా సహజమని ఆ దండలను ప్రక్కప్రక్కన పెట్టగనే తేటపడును. పెద్దపూసకు తరువాతి భాగము అన్ని దండలలోను ఇంచుమించు సమానమే యగుటనుబట్టి ఓగినో కనుగొనిన సత్యము పటము లేకయే బోధపడును. నల్లరేగడి మట్టితో పిడికెడంత గర్భాశయమును, బాదముగింజంత అండాశయమును మలచి పొత్తికడుపునొద్ద పట్టుకొని చూచుకొందురు. కుంకుమనీటిని చిన్నచెంచాతో కొలిచి, ఒక ఋతువున సాధారణముగ పోవు రక్తము ఆరు ఎనిమిది చెంచాలే యని తెలిసికొనినప్పుడు ఎంత భయము తొలగునో చెప్పనలవి కాదు. అంతకు ఇబ్బడిగ పోవుచున్నచో వైద్యునికి చెప్పవలెనను ఎరుకయు దానితోనే కలుగును. గద్వాల చీర నూలు నడుమపైనను, పట్టు అంచుపైనను నీటిబొట్లు వేసి, ఏది త్వరగ పీల్చునో నేతింటి పిల్లయే తోటివారికి చూపవచ్చును. పేరు పలుకుటకు సిగ్గుపడు పిల్ల పూస గ్రుచ్చుటకు సిగ్గుపడదు. చేయి పనిలో నుండగ ప్రశ్న తనంతట వెలువడును.

2018లో తెలంగాణ ప్రభుత్వము ప్రకటించిన బాలికా ఆరోగ్య రక్ష కిట్లు ఏడవ తరగతినుండి పదవ తరగతివరకు బాలికలను ఉద్దేశించినవి. వస్తువు అవసరమే, అది ఎందులకో తెలుపు పాఠము అంతకుముందే రావలెను. పండ్రెండు పదుమూడేండ్లకు ఋతువు చూచు బాలికకు ఎనిమిదవ తరగతిలో పాఠము చెప్పుట ఆలస్యముగ చెప్పుటయే. కస్తూర్బా విద్యాలయములలో ప్రవేశము ఆరవ తరగతిలోనే. పత్తి పూచు కాలము బడులు నడచు వానకాలమే. కావున ఆరవ తరగతి పిల్లల ముందు పత్తిపూవు నుంచి ఆ పూవు అండాశయమునుండియే ఈ పాఠమును ఆరంభింపవలెను. జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలలో మగపిల్లలను బయటికి పంపక, వారి చేతికిని ఒక దారమును, పూసలను ఇయ్యవలెను.