నబ్జ్ చూడాలా, సాంస్ చూడాలా?

మైపాడు నుంచి కృష్ణపట్నం దాకా మన నెల్లూరు తీరం పల్లెల్లో ఎవరికైనా గుండె ఆపరేషన్ అయితే, ఇంటికొచ్చాక నబ్జ్ చూసేందుకు ఇప్పుడు చేతి వాచీ కూడా హాజరవుతోంది. అది ‘హెచ్‌ఆర్‌వీ’ అని ఒక అంకె చూపిస్తుంది. అది తగ్గితే ఇంటిల్లిపాదికీ పరేషానీ, పెరిగితే ఖుషీ. ఆ అంకె మీద ఎంత భరోసా పెట్టుకోవాలో తెలియాలంటే దాని తారీఖ్ తెలుసుకోవాలి.

ఇబ్నె సీనా (980–1037) తన ‘అల్ ఖానూన్’లో నబ్జ్‌ను పది విధాలుగా పరీక్షించమన్నాడు. అందులో ఒకటి ఇస్తివా, ఇఖ్తిలాఫ్. అంటే దెబ్బలన్నీ సమంగా పడుతున్నాయా, తేడాగా పడుతున్నాయా అని చూడటం. ఆ తేడాల్లో జింక గంతులాంటి నబ్జ్ గజాలీ, చీమ నడకలాంటిది నమ్లీ, అలలాంటిది మౌజీ. సముద్రం పక్కన పుట్టినవాళ్లకు మౌజీ అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. హకీముల హిసాబులో సమంగా నడిచే నబ్జే సేహత్‌కు నిషానీ, ఇఖ్తిలాఫ్ చాలాసార్లు బీమారీకి గుర్తు.

1847లో ఆపరేషన్లకు క్లోరోఫాం మత్తు వచ్చింది. నొప్పి పోయింది కానీ కొందరు మత్తులోనే ప్రాణం వదిలేవారు. ముందు ఆగేది గుండెనా, ఊపిరా? దీని మీద లండన్, ఎడిన్‌బరా డాక్టర్ల మధ్య పెద్ద బహస్ నడిచింది. ఆ బహస్ మన దక్కన్‌కూ చేరింది. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్ దవాఖానాలో పనిచేసిన సర్జన్ ఎడ్వర్డ్ లారీ పట్టుదల మీద 1888, 1889లలో రెండు క్లోరోఫాం కమిషన్లు కూర్చున్నాయి. రెండోదాని కోసం నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ 1,000 పౌండ్లు ఇస్తే, ‘లాన్సెట్’ పత్రిక తరఫున లాడర్ బ్రంటన్ లండన్ నుంచి దిగాడు. వందల జంతువుల మీద పరీక్షలు జరిపి ఫైసలా చెప్పారు: ముందు ఆగేది సాంసే, కనుక నబ్జ్ సంగతి వదిలి సాంస్‌నే కనిపెట్టండి.

సాంస్‌ను కనిపెట్టమనడం మంచి మాటే. నబ్జ్‌ను వదిలేయమనడమే ఖతరా. క్లోరోఫాం మత్తు పలచగా ఉన్నప్పుడు కూడా గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగిపోగలదని 1911లో ఎ.జి. లెవీ జంతువుల మీద రుజువు చేశాడు.

అసలు నబ్జ్, సాంస్ రెండూ ఒకదానితో ఒకటి ముడిపడినవే. క్లోరోఫాం వచ్చిన ఆ 1847లోనే జర్మనీలో కార్ల్ లుడ్విగ్ ఈ రెంటినీ యంత్రంతో కాగితం మీద గీయించాడు. ఊపిరి పీల్చినప్పుడు గుండె వేగం పెరుగుతుంది, వదిలినప్పుడు తగ్గుతుంది. నిమిషానికి 60 దెబ్బలంటే సరిగ్గా సెకనుకొకటి అని కాదు. దెబ్బకూ దెబ్బకూ మధ్య సందు కొన్ని మిల్లీసెకన్లు అటూ ఇటూ అవుతూనే ఉంటుంది. మెదడు నుంచి గుండెకు వచ్చే వేగస్ నరం చేసే పని ఇది. ఇంత సన్నటి ఇఖ్తిలాఫ్ వేలికి అందదు. 1987లో అమెరికాలో గుండెపోటు నుంచి బయటపడిన 808 మంది లెక్క తీస్తే, ఈ తేడా 50 మిల్లీసెకన్ల లోపు ఉన్నవాళ్లకు, 100 దాటినవాళ్లకంటే, మరణ ముప్పు 5.3 రెట్లు ఉందని తేలింది.

బైపాస్ తర్వాత ఈ అంకె పడిపోవడం మామూలే. వారాలు, నెలలు గడిచేకొద్దీ మెల్లగా లేస్తుంది. కాబట్టి ఒక్కరోజు అంకె చూసి కంగారు పడొద్దు, పక్కింటాయన అంకెతో పోల్చొద్దు. పేషెంటు తన పాత అంకెలతోనే పోల్చుకోవాలి. గుండె లయ పూర్తిగా చెదిరిపోయే ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో ఈ అంకె ఊరికే పెరిగి ధోకా ఇస్తుంది. ఆపరేషన్ తర్వాత ఆ జబ్బు అరుదేమీ కాదు. గుండె వేగం తగ్గించే మందులూ అంకెను మారుస్తాయి.

హైదరాబాద్ కమిషన్ ఒక్క నిషానీని పట్టుకుని రెండోదాన్ని వదిలేసింది. మనం అలా చేయొద్దు. జ్వరం, కుట్ల దగ్గర చీము, ఆయాసం, ఛాతీ నొప్పి, గుండె దడ, వీటిలో ఏది కనిపించినా, అంకె ఎంత బాగున్నా సరే, వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాల్సిందే.