వెలిగి యాఱు దీపము

మోటారు సైకిలు ముందుభాగమున, వేగమును చూపు గడియారము ప్రక్కన, పసుపుపచ్చని చిన్న దీపమొకటి యుండును. దానిపై ఇంజను బొమ్మ గీయబడి యుండును. తాళము త్రిప్పినపుడు ఒక్కసారి వెలిగి, ఇంజను నడక సాగిన పిమ్మట అది ఆఱిపోవలెను. ఆఱక నిలిచినచో యంత్రమున దోషము గలదని యర్థము. ఇంతవరకు చిక్కు లేదు. కాని కొన్ని బండ్లలో నీ దీపము ఉదయమున వెలిగి మధ్యాహ్నమునకు ఆఱును. వానలో వెలిగి యెండలో కనబడదు. మరమ్మతుశాల వాకిట నిలిపినంతనే మాయమగును. వైద్యుని గడప త్రొక్కగానే తగ్గిపోవు పంటినొప్పి వంటిది యిది. ఈ దీప మెక్కడ పుట్టినది, మన వీధుల కెట్లు వచ్చినది, అది పలుకు భాష యెవరి సొత్తు అను సంగతులను నేడు మీతో ముచ్చటింప దలచితిని.

దీని చరిత్రకు మొదలు లాస్ ఏంజెలిసు నగరపు ఆకాశమున నున్నది. 1943వ సంవత్సరము వేసవిలో ఆ నగరమును కన్నులు మండించు పొగమంచు కప్పివేసెను. కారణ మెవరికిని తెలియలేదు. ఆ రహస్యమును ఛేదించినవాడు ఆరీ హాగెన్-స్మిట్ అను రసాయన శాస్త్రజ్ఞుడు. డచ్చి దేశమున పుట్టి కాలిఫోర్నియాలో స్థిరపడిన యీ పండితుడు అంతకు ముందు అనాసపండు రుచికి మూలమైన పదార్థములను శోధించుచుండెను. పండ్ల వాసన వెదకుచున్న మనుష్యుడు పొగ వాసన వెదక వలసి వచ్చుట విచిత్రమే గదా! మోటారు బండ్లు విడుచు కాలని పెట్రోలు ఆవిరియు, నత్రజని వాయువులును సూర్యరశ్మి సోకి ఓజోనుగా మాఱుచున్నవని 1950 ప్రాంతముల నాతడు తేల్చెను. 1967లో కాలిఫోర్నియాలో వాయుసంరక్షణ మండలి యేర్పడగా, దానికి మొదటి యధ్యక్షుడు నాతడే యయ్యెను.

శాసనములు వచ్చెను, శాసనములను నెఱవేర్చుటకు యంత్రములు మాఱ వలసి వచ్చెను. 1975 నాటి నుండి అమెరికా కార్ల పొగగొట్టములలో విషవాయువులను శుద్ధిచేయు పాత్రలు అమర్చ నారంభించిరి. మూడు విధముల విషములను ఒక్కమాఱు శుద్ధిచేయు పాత్ర తరువాత వచ్చెను గాని, దాని కొక నియమము గలదు. ఒక పాలు పెట్రోలునకు సుమారు 14.7 పాళ్లు గాలి కలియవలెను. అటు నిటు తప్పినచో పాత్ర పనిచేయదు. నడచు బండిలో నిమిష నిమిషమునకు మాఱు ఈ లెక్కను మనుష్యుడు సరిదిద్దజాలడు. అందుచేత పొగలో మిగిలిన ప్రాణవాయువును కనిపెట్టు సూచికయు, దాని మాట విని పెట్రోలును హెచ్చుతగ్గులు చేయు కంప్యూటరును బండి కడుపున చేరినవి.

లెక్క తప్పినదని ఆ కంప్యూటరు ఎవరికి చెప్పుకొనవలెను? అందుకే దీపము. 1981లో జనరల్ మోటార్సు వారు అమెరికాలో తాము అమ్ము పెట్రోలు కార్లన్నిటను కంప్యూటరును పెట్టి, ఇంజనును పరీక్షింపుడని చెప్పు దీపము నమర్చిరి. బండి లోపలి రెండు తీగ కొసలను చిన్న లోహపు ముక్కతో కలిపినచో నా దీపము సంఖ్యలను మిటకరించి చెప్పెడిది. ఒక మెఱపు, కొంచెము ఆగి రెండు మెఱపులు అనిన, పండ్రెండు. తంతి ఆఫీసులో కట్టు కడ శబ్దములు వినుటకు అలవాటుపడినవానికి ఇది సుళువైన విద్య. 1988 నాటి బండ్ల నుండి కాలిఫోర్నియాలో నీ దీపము తప్పనిసరి యయ్యెను. 1996 నుండి అమెరికా దేశమంతట అమ్ము కార్లన్నిటికి ఒకే యాకారపు కొస, ఒకే సంకేతములు ఉండవలెనని నిర్ణయమయ్యెను.

మోటారు సైకిలు ఈ దారిని ఆలస్యముగా పట్టెను. 1980లో కవాసాకి వారు పెట్రోలును పిచికారి చేయు పద్ధతితో నొక పెద్ద బండిని తెచ్చిరి. 1982లో హోండావారి కంప్యూటరు బండి వచ్చెను. మన దేశమున 2006లో గ్లామర్ బండి యొక రకము నీ పద్ధతితో వెలువడెను గాని, చిన్న బండ్లు పెక్కు కార్బురేటరుతోనే సాగినవి. మన మెకానిక్కుల విద్యయు దానిపైననే పెరిగినది. వారు ప్లగ్గు విప్పి కొస రంగు చూచెడివారు. నల్లబడినచో పెట్రోలు ఎక్కువ, తెల్లబడినచో తక్కువ, కాఫీగింజ రంగున నున్నచో సమము. పిదప స్క్రూ నొక చుట్టు త్రిప్పి, చెవి యొగ్గి వినెడివారు. ఇది చిన్న విద్య కాదు. 2018 అక్టోబరు 24వ తేదీన సుప్రీముకోర్టు, 2020 ఏప్రిలు 1 నుండి భారత్ ఆఱవ దశ నియమములకు లోబడని క్రొత్త బండ్లను అమ్మరాదని తీర్పు చెప్పెను. ఆ తీర్పుతో కార్బురేటరు క్రొత్త బండ్లలో పెక్కింటి నుండి సెలవు పుచ్చుకొనెను. పసుపు దీపము ప్రతి పేటకును వచ్చి చేరెను.

ఇక దీపము వెలిగి యాఱుటకు కారణము చెప్పెదను. కంప్యూటరు పెక్కు సూచికలకు 5 వోల్టుల విద్యుత్తు నిచ్చి, తిరిగి వచ్చు అంకెను చూచుచుండును. అంకె హద్దు దాటినచో తీగ తెగినదనియో, మఱియొకదాని నంటినదనియో తలచి దోషసంఖ్యను వ్రాసికొనును. దోషము తొలగినచో కొన్ని ప్రయాణముల తరువాత దీపము నార్పును, కాని వ్రాతను వెంటనే చెఱుపదు. అమెరికా కార్ల నియమముల ప్రకారము వరుసగా మూడు ప్రయాణములు చక్కగా సాగినచో దీపమాఱును. సంఖ్య మాత్రము ఇంజను నలుబది మార్లు కాగి చల్లారు వఱకు నిలిచియుండును. మోటారు సైకిళ్లలో లెక్క వేఱైనను తెఱగు ఇదియే. కావున దీపమాఱినదని సంతోషించి బ్యాటరీ తీగ విప్పువాడు, కొన్ని బండ్లలో, ఉన్న యొక్క సాక్ష్యమును కాల్చివేసినవాడగును.

సంఖ్య చెప్పునది భాగము పేరు కాదు, దారి పేరు. సూచిక చెడినను, దాని తీగ తెగినను, కొసయందు నీరు చేరి పచ్చని చిలుము పట్టినను సంఖ్య యొక్కటే. వచ్చి పోవు దోషమున సూచికకంటె తీగలనే ముందు అనుమానింపవలెను. హేండిలు తిరుగు చోట వేలమార్లు వంగి, పై తొడుగు చెక్కుచెదరకయే లోపలి రాగి తెగును. చట్రమునకు బిగించిన నేలతీగ వదులగును. బ్యాటరీ కొసలు సడలును.

నా బండి దీపము రెండు మాసములు ఇట్లే దోబూచులాడినది. గతుకుల బాటలో వెలుగును. నున్నని బాటలో రెండు దినములకు ఆఱును. ఒక మరమ్మతుశాలవారు సంఖ్యను చదివి, ప్రాణవాయు సూచికను మార్చి, ఖరీదు పుచ్చుకొనిరి. ఎనిమిది దినములకు దీపము తిరిగి వెలిగెను. పిమ్మట మా పేటలోని వృద్ధ మెకానిక్కు కడకు తీసికొని పోయితిని. ఆయన మొట్టమొదట అడిగిన ప్రశ్న, “ఎప్పుడు వెలుగుతుంది బాబూ, ఎక్కడ వెలుగుతుంది?” అని. తాళము తీసి, కంప్యూటరు కడను సూచిక కడను కొసలు విప్పి, మల్టీమీటరు ఒక కొన తీగకును ఒక కొన చట్రమునకును ఆనించి, తీగను జానెడు జానెడు చొప్పున కదపుచు వచ్చెను. ఇంజను ప్రక్కనున్న బిగింపు కడ కదపగానే మీటరు కీచుమని కూసెను. తొడుగు అరిగి రాగి చట్రమును తాకుచున్నది. కత్తిరించి, అతికి, తొడుగు వేసి, “టీ డబ్బులివ్వు చాలు” అనెను.

ఆయనకు సంఖ్యను చదువు పరికరము లేదు. వెనుకటి హోండా బండ్లలో రెండు కొసలను కలిపినచో దీపమే మిటకరించి చెప్పును. పొడుగు మెఱపు పది, పొట్టి మెఱపు ఒకటి. రెండు పొడుగులు, ఒక పొట్టి యనిన నిరువదియొకటి, అనగా ప్రాణవాయు సూచిక దారి. ఇట్టివి యాయన యొక నోటుపుస్తకమున వ్రాసి యుంచినాడు. క్రొత్త బండ్లు పెక్కు పరికరము లేనిదే పలుకవు; చవుక పరికరములు కొన్ని సంఖ్యలనే చదువును. అమెరికాలో 1990 నాటి శాసన సవరణము, కార్ల మరమ్మతు చేయువా రెవరికైనను ఈ సమాచారము నీయవలెనని తయారీదారులను కట్టడి చేసెను. మన దేశమున 2022 జూలైలో కేంద్రప్రభుత్వపు వినియోగదారుల శాఖ మరమ్మతు హక్కును గూర్చి యొక సంఘమును నియమించినది. అది ఎన్నుకొన్న రంగములలో మోటారు బండ్లును గలవు. మా పేట మెకానిక్కు ఈ సంగతి నానోట విని, నోటుపుస్తకము తెఱచి, ఖాళీ పుటలెన్ని మిగిలినవో లెక్కపెట్టుకొనెను.