నవ్వులో జత, కాంట్రాక్టులో ఒంటరి

హాస్యనటుల చరిత్రను మన విమర్శకులు వినోదం ఖాతాలో జమకట్టి వదిలేశారు. అది శ్రమచరిత్రలో కూడా ఒక అధ్యాయమే. ఈ సంగతి నాకు తట్టినది పుస్తకాల వలన కాదు. నిరుడు అవుకులో నా విద్యార్థి ఇంట్లో, అతని తాత పక్కన కూర్చుని ఒక ఇంగ్లీషు సినిమా చూసినప్పుడు తట్టింది. ఆ తాత ముప్పయి ఏళ్లకు పైగా నాపరాయి మోసిన మనిషి.

సినిమా పేరు 'స్టాన్ అండ్ ఆలీ'. 2018లో వచ్చింది. దర్శకుడు జాన్ ఎస్. బెయిర్డ్. స్టాన్ లారెల్‌గా స్టీవ్ కూగన్, ఆలివర్ హార్డీగా జాన్ సి. రైలీ నటించారు. ఒకప్పుడు ప్రపంచాన్ని నవ్వించిన ఆ సన్నటి మనిషి, లావుపాటి మనిషి 1953లో, వయసు మళ్లిన తరువాత, బ్రిటన్‌లో ఊరూరా తిరిగి నాటకశాలల్లో ఆడిన కథ అది. ఒక ఘట్టంలో వారి పెట్టె మెట్లమీదుగా జారి కిందికి పోతుంది. వారే 1932లో తీసిన 'ది మ్యూజిక్ బాక్స్'కు ఆ ఘట్టం జ్ఞాపిక. ఆ చిన్నచిత్రంలో వారిద్దరూ కూలీలు. ఒక పియానోను నిటారు మెట్లమీదుగా పైకి చేర్చడమే మొత్తం కథ. దానికి ఆస్కార్ బహుమతి వచ్చింది. పెట్టె జారగానే తాత పకపకా నవ్వాడు. "ఒగ మనిషి ఎత్తేది కాదు సారూ అది. జత కుదరల్ల" అన్నాడు.

ఈ జత కుదిరింది 1927లో, హాల్ రోచ్ స్టూడియోలో. లారెల్ ఇంగ్లండువాడు, హార్డీ అమెరికాలోని జార్జియా వాడు. తెరమీద వారు ఒక్క ప్రాణం. కంపెనీ పుస్తకాల్లో మాత్రం ఇద్దరు వేరువేరు జీతగాళ్లు. రోచ్ వారితో విడివిడిగా కాంట్రాక్టులు రాయించుకున్నాడు. ఒకరి గడువు తీరేనాటికి రెండవవారి గడువు ఇంకా మిగిలే ఉండేది. కనుక ఇద్దరూ కలిసి ఒకే రోజున యజమాని ముందు నిలబడి బేరం చెయ్యడానికి వీలులేకపోయింది. 1939లో వచ్చిన 'జెనోబియా' అనే ఏనుగు చిత్రంలో హార్డీ పక్కన నిలిచినవాడు హ్యారీ లాంగ్డన్, లారెల్ కాదు. ఆనాడు లారెల్‌కు రోచ్‌తో తగవు. హార్డీకి మాత్రం కాంట్రాక్టు నడుస్తూనే ఉన్నది. పోతే, చాప్లిన్ 1919లోనే యునైటెడ్ ఆర్టిస్ట్స్ స్థాపకుల్లో ఒకడై, క్రమంగా తన చిత్రాలకు తానే సొంతదారు అయినాడు. వీరికి ఆ భాగ్యం లేదు. వీరి పాత చిత్రాలు టెలివిజన్‌లో ఇంటింటా ఆడినప్పుడు కూడా ఆ రాబడిలో వీరికి వాటా దక్కలేదు.

సినిమా 1937 నాటి సెట్టుమీద మొదలవుతుంది. జీతం దగ్గర స్టాన్‌కూ రోచ్‌కూ మాటామాటా పెరుగుతుంది. ఆలీ ఎటూ తేల్చుకోలేక నిలబడిపోతాడు. నేను ఆ సంభాషణను తెలుగులో చెబుతూ ఉంటే తాత నవ్వు ఆగిపోయింది. కొంతసేపటికి, "మా జత గూడ అట్లనే ఇరిగిపాయె" అన్నాడు. కూలి పెంచమని అడిగినందుకు మేస్త్రి ఆయన జతగాణ్ణి గనిలోకి రానివ్వలేదట. మరునాడు ఈయన ఇంకొకనితో కలిసి రాయెత్తాడు. "పోతి సారూ. పిల్లోల్లుండ్రి." ఆ తరువాత ఇద్దరికీ మాటల్లేవు.

ఇక్కడే ఈ సినిమాతో నాకు పేచీ. మొదటి ఘట్టంలో అది కారణాన్ని సరిగానే పట్టుకున్నది. కాని 1953కు వచ్చేసరికి ఆ కారణాన్ని మరచి, ఏనుగు చిత్రాన్ని స్నేహద్రోహంగా మార్చి, మిత్రులిద్దరినీ ఒకరిమీదికి ఒకరిని ఉసికొల్పుతుంది. యజమాని వేసిన గంటు ఇద్దరి మనసుల్లోని లోపంగా కనిపిస్తుంది. చరిత్ర వరుసను కూడా సినిమా తారుమారు చేసింది. ఐర్లండులోని కోవ్ రేవులో జనం వారికి బ్రహ్మరథం పట్టి, చర్చి గంటలమీద వారి పాట వాయించినది 1953 సెప్టెంబరులో, యాత్ర ఆరంభంలోనే. హార్డీ గుండె జబ్బుతో పడిపోయినది 1954 మేలో, ప్లిమత్‌లో. యాత్ర అక్కడితో ముగిసింది. సినిమా జబ్బును ముందుకు, స్వాగతాన్ని వెనుకకు జరిపి తీపి ముగింపు ఇచ్చింది. అయినప్పటికీ ఒక సత్యాన్ని అది కాపాడింది. 1957లో హార్డీ పోయినాడు. 1965లో తాను పోయేవరకు లారెల్ మరొక జతగానితో నటించలేదు. కాని ఇద్దరికోసం హాస్యఘట్టాలు రాస్తూనే ఉన్నాడు.

మనకూ ఇటువంటి జత ఉన్నది: లావుపాటి రేలంగి, సన్నటి రమణారెడ్డి. రేలంగి 1935లోనే తెరమీదికి వచ్చినా 1949 నాటి 'గుణసుందరి కథ' దాకా నిలదొక్కుకోలేదు. రమణారెడ్డి నెల్లూరులో శానిటరీ ఇన్‌స్పెక్టరు ఉద్యోగం చేసినవాడు. 'మిస్సమ్మ' (1955)లో నిరుద్యోగులు ఉద్యోగంకోసం దంపతులమని అబద్ధమాడతారు. అందులో రేలంగి దేవయ్య, రమణారెడ్డి అప్పులవాడు డేవిడ్. ఆనాటి మధ్యతరగతి భయాలను ప్రేక్షకులు ఈ ఇద్దరి ద్వారానే నవ్వుగా మార్చుకున్నారు. రమణారెడ్డి 1974 నవంబరులో, రేలంగి 1975 నవంబరులో కన్నుమూశారు. 'స్టాన్ అండ్ ఆలీ' వచ్చిన 2018లోనే సావిత్రి జీవితంమీద 'మహానటి' వచ్చింది. అది రావలసిన చిత్రమే. కాని నాయికానాయకుల జీవితమే జీవితమనే దృష్టి మారనిదే, పక్కపాత్రల స్నేహానికి మన తెరమీద చోటు దొరకదు. అటువంటి చిత్రం తీసేవారు కన్నీళ్లతోపాటు జీతాల పుస్తకం కూడా చూపించాలి.

సినిమా అయిపోయిన తరువాత తాత చాలాసేపు మాట్లాడలేదు. నేను లేవబోతుంటే అడిగాడు: "ఆ లావాయన ఏనుగు సినిమాకు పోకుంటే ఏం తినల్ల సారూ?"

సినిమా అడగవలసిన ప్రశ్న అదే. అది అడగలేదు.