కూల్చివేత కాంట్రాక్టరు

పాత కట్టడాన్ని పడగొట్టి, శిథిలాలు తరలించి, స్థలాన్ని చదును చేసి అప్పగించే గుత్తేదారు. హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నంలో పాత ఇళ్లున్న చోట అపార్ట్‌మెంట్లు లేస్తున్న కొద్దీ ఈ పని విస్తరించింది. పాత సామాన్ల వ్యాపారానికీ దీనికీ దగ్గరి చుట్టరికం. బేరంలోనే అది బయటపడుతుంది.

బేరం: చిన్న ఇళ్ల విషయంలో ఎవరు ఎవరికి డబ్బివ్వాలన్నది తుక్కును బట్టి తేలుతుంది. టేకు ద్వారబంధాలు, దూలాలు, షాబాదు బండలు, స్లాబులోని ఇనుము కలిపి కూలీ, యంత్రం, లారీల ఖర్చును మించితే కాంట్రాక్టరే యజమానికి సొమ్ము కడతాడు. లేకుంటే యజమాని చెల్లిస్తాడు. ఎక్కువ సొమ్ము చూపినవాడికే పని అప్పగించడం పరిపాటి గానీ, అతని యంత్రం పై అంతస్తు దాకా అందుతుందా, పక్కింటి గోడకు హాని జరిగితే భరించేదెవరు అన్నవి ఆ అంకెలో కనిపించవు.

పెద్ద కట్టడాలకూ ఇదే లెక్క. నోయిడా జంట భవనాలను 2022 ఆగస్టు 28న ముంబయికి చెందిన ఎడిఫిస్ సంస్థ, దక్షిణాఫ్రికాకు చెందిన జెట్ డిమాలిషన్స్‌తో కలిసి సుమారు 3,700 కిలోల పేలుడు పదార్థంతో నేలమట్టం చేసింది. ఖర్చు 17.5 కోట్ల రూపాయలని కొందరు, 20 కోట్లని కొందరు రాశారు. ఆ భవనాలు కట్టిన సంస్థ ఇచ్చేది సుమారు 5 కోట్లేనని, మిగతాది తుక్కు అమ్మి రాబట్టుకోవాలని చెప్పడంలో మాత్రం పెద్దగా తేడా లేదు. చుట్టుపక్కల ఇళ్ల కోసం 100 కోట్ల బీమా తీసుకున్నారు. వీధి చివరి ఇంటికి అంత అక్కర్లేదు, కానీ బీమా ఊసే లేని ఒప్పందాలే ఎక్కువని చెప్పవచ్చు.

అర్హత: ఈ వృత్తికంటూ దేశమంతటా చెల్లే ప్రత్యేక లైసెన్సు లేదు, గతంలో చేసిన పనులు, యంత్రాలే ఆధారం. 2023 జనవరిలో సికింద్రాబాద్‌లో అగ్నిప్రమాదానికి గురైన దక్కన్ మాల్ భవనం విషయంలో, తొలుత ఖరారైన సంస్థ వద్ద తగిన యంత్రాలు లేవని పనిని మరొకరికి మార్చినట్టు అప్పటి వార్తలు తెలుపుతున్నాయి. పేలుడు పదార్థాల వాడకానికి వేరే అనుమతులు కావాలి. అలాంటి పేల్చివేతకు మరో ఉదాహరణ: చెన్నై శివారు మౌలివాక్కంలో 2014లో ఒక భవనం కూలి 61 మంది మరణించారు. దాని జంట భవనాన్ని 2016 నవంబరు 2న పేల్చివేశారు. ఇరుకు వీధుల్లో పేల్చివేత కన్నా పైనుంచి కిందికి విప్పుకుంటూ రావడమే మేలు. భారతీయ ప్రమాణం ఐఎస్ 4130 (1991) కూడా అంతస్తు వెంట అంతస్తుగా దిగుతూ రావాలనే చెబుతుంది. ముందుగా కరెంటు, నీటి కనెక్షన్లు తీయించాలి. కూలీల విషయానికొస్తే, 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం నిర్వచనంలో కూల్చివేత కూడా ఉండేది.

శిథిలాలు: కూల్చివేత వ్యర్థాలపై 2016లో వచ్చిన నిబంధనల ప్రకారం రోజుకు 20 టన్నులు, లేదా ఒక ప్రాజెక్టులో నెలకు 300 టన్నులు దాటితే కాంక్రీటు, మట్టి, ఇనుము-కలప-ప్లాస్టిక్, ఇటుక-గచ్చు వేరుచేయాల్సి ఉండేది. వీటి స్థానంలో 2025లో కొత్త నిబంధనలు ప్రకటించారు. హైదరాబాద్‌లో జీడిమెట్ల, ఫతుల్లగూడలో శిథిలాలను శుద్ధి చేసే కేంద్రాలున్నాయి. లోడు అక్కడికే చేరిందో, ఏ చెరువు గట్టున పడిందో యజమానికి తెలిసే మార్గం తూకం రసీదే. అది చేతికొచ్చే దాకా చివరి వాయిదా ఆపడం క్షేమం.