వీసాకు ముందు ఛాతీ ఎక్స్‌రే

దోహా శివారున, సల్వా రోడ్డు పక్కనున్న ఐన్ ఖాలిద్‌కు ఉద్యోగం కోసం వచ్చిన తెలుగువారిలో ఛాతీ ఎక్స్‌రే తీయించుకోనివారు కనబడరు. 2019లో హైదరాబాద్‌లో ఖతార్ వీసా కేంద్రం తెరిచాక క్షయను వెతికే ఆ పరీక్ష విమానం ఎక్కకముందే అయిపోతోంది. చొక్కా విప్పి, గడ్డం పలక అంచున ఆనించి, భుజపుటెముకలు ఊపిరితిత్తులకు అడ్డురాకుండా భుజాలు ముందుకు తోసి, గాలి పీల్చి బిగబట్టాలి. వీపు వైపు నుంచి కిరణాలు దూసుకుపోతాయి. క్షణాల్లో బొమ్మ తెరమీదికొస్తుంది. ఈ వేగం ఎలా వచ్చిందో తెలిస్తే, ఆ బొమ్మను ఎంతవరకు నమ్మాలో కూడా తెలుస్తుంది.

1895 నవంబరు 8న జర్మనీలో రాంట్‌జన్ ఈ కిరణాలను గుర్తించాడు. తొలినాటి గొట్టాలు వాటిలో మిగిలిన గాలిని బట్టి ఒక్కోసారి ఒక్కోలా పనిచేసేవి. 1913లో కూలిడ్జ్ వేడెక్కే టంగ్‌స్టన్ తీగతో గొట్టం తయారుచేశాక మోతాదు అదుపులోకి వచ్చింది. దారి మార్చింది మాత్రం బ్రెజిల్ వైద్యుడు మనోయెల్ డి అబ్రూ. పెద్ద ఫిల్ము ఖర్చు తప్పించడానికి ఆయన 1936లో, మెరిసే తెర మీది నీడను చిన్న ఫిల్ముపై ఫొటో తీశాడు. దాంతో రోగం అనుమానించినవారికే తీసే ఎక్స్‌రే, ఆరోగ్యంగా కనిపించేవారిని వరుసలో నిలబెట్టి తీసేదైంది. 1980లలో ఫ్యూజీ సంస్థ మళ్లీమళ్లీ వాడే పలకను తెచ్చింది. 1990ల చివర్లో వచ్చిన ఫ్లాట్ ప్యానెల్‌తో ఆ పలకను చదివే యంత్రానికి మోసుకెళ్లే అవసరమే పోయింది. ఎక్కువమందిని తక్కువ ఖర్చుతో జల్లెడ పట్టాలన్న అవసరమే ఛాతీ ఎక్స్‌రేను ఇంతదూరం నడిపింది.

అయితే జల్లెడ పట్టడం వేరు, రోగం నిర్ధారించడం వేరు. క్షయ మానాక మిగిలే మచ్చా, ఇప్పుడు ముదురుతున్న జబ్బూ ఒక్క బొమ్మలో చాలాసార్లు ఒకేలా ఉంటాయి. క్రిమి ఉందో లేదో తేల్చాల్సింది కఫం పరీక్ష. ఒకే గదిలో పలువురు పడుకునే కార్మికుల క్యాంపుల్లో అనుమానాన్ని ఎందుకు ఉపేక్షించాలని అడగవచ్చు. ఉపేక్షించనక్కరలేదు, ‘అన్‌ఫిట్’ ముద్ర వేసేముందు కఫం పరీక్ష చేయిస్తే చాలు. ఇక సాఫ్ట్‌వేరే చదివేస్తుందిగా అంటారా, 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని సిఫారసు చేసింది 15 ఏళ్లు, ఆ పైబడినవారిలో ఎవరికి తదుపరి పరీక్ష అవసరమో ఎంచడానికి మాత్రమే. రోగ నిర్ధారణకు మళ్లీ కఫమే కావాలి. మాటిమాటికీ ఎక్స్‌రే ప్రమాదమన్న భయానికి జవాబు అంకెల్లో ఉంది: ఒక ఛాతీ ఎక్స్‌రే మోతాదు సుమారు 0.1 మిల్లీసీవర్ట్, ప్రకృతి నుంచి ఏడాదికి అందేది సగటున 2.4. పాత బొమ్మ పక్కన కొత్తది పెట్టి చూస్తే, ఏళ్లతరబడి మారని మచ్చ మానిపోయినదనడానికి బలమైన ఆధారం దొరుకుతుంది. రిపోర్టుతో పాటు ఆ బొమ్మ ఫైలునూ కార్మికుడి చేతికివ్వడం డిజిటల్ యంత్రాలకు పెద్ద ఖర్చేమీ కాదు. అది జరిగితేనే నూట పాతికేళ్లు దాటిన ఈ అభివృద్ధిలో అతనికీ వాటా దక్కినట్టు.