డ్రంక్ అండ్ డ్రైవ్ పాత వారెంట్: దాస్తే పోదు, కోర్టుకెళ్తేనే పోతుంది

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ రోడ్ల మీద రాత్రిపూట డ్రంక్ అండ్ డ్రైవ్ తనిఖీలు కొత్తేమీ కాదు. దొరికిన అబ్బాయి ఇంట్లో చెప్పడు. తాగుడు హరామ్ అని తెలిసిన ఇంట్లో అబ్బాకు, అమ్మీకి ఆ మాట ఎలా చెప్పాలి? కోర్టు తేదీ దాటిపోతుంది. కొన్నేళ్లకు పాస్‌పోర్టు పనిలోనో, ఉద్యోగం వెరిఫికేషన్‌లోనో వారెంట్ ఉందని బయటపడుతుంది. అప్పుడు ఇంటిల్లిపాదీ కంగారు పడతారు. దీనికి దారి ఉంది.

కేసు ఏమిటి?

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185 ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. మొదటిసారికి 6 నెలల వరకు జైలు, లేదా రూ.10,000 జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే 2 ఏళ్ల వరకు జైలు, లేదా రూ.15,000 జరిమానా, లేదా రెండూ. ఇది ఈ-చలానా కాదు. ఆన్‌లైన్‌లో చలానాలన్నీ కట్టేసినా ఈ కేసు అలాగే ఉంటుంది.

2019 సెప్టెంబరు 1కి ముందు దొరికినవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. అప్పటి చట్టంలో మొదటి నేరానికి జరిమానా రూ.2,000 వరకే. నేరం జరిగిన నాటి శిక్ష కంటే ఎక్కువ వేయకూడదని రాజ్యాంగం 20(1) అధికరణం చెబుతుంది. వకీలుకు ఈ విషయం చెప్పండి.

"ఇన్నేళ్లయింది, పోయి ఉంటుంది"

పోదు. కోర్టు రద్దు చేసేదాకా, లేదా అమలయ్యేదాకా వారెంట్ బతికే ఉంటుంది. పాత సీఆర్‌పీసీలో సెక్షన్ 70(2) ఇదే చెప్పింది. 2024 జులై 1 నుంచి వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో సెక్షన్ 72(2) కూడా ఇదే చెబుతోంది.

గల్ఫ్‌కు వెళ్లేవాళ్లకు, ఉమ్రా నియ్యత్ చేసుకున్నవాళ్లకు అసలు దెబ్బ ఇక్కడే. అరెస్టు వారెంట్ ఉంటే పాస్‌పోర్టు నిరాకరించవచ్చు, ఉన్నదాన్ని స్వాధీనం చేసుకోవచ్చు. అశోక్‌నగర్‌లో కోచింగ్ తీసుకుంటున్న పిల్లలు కూడా జాగ్రత్త. సర్కారీ ఉద్యోగం ఫారంలో కేసుల గురించి అడిగితే దాచొద్దు. చిన్న కేసు కంటే దాచడమే పెద్ద తప్పవుతుంది.

ఏం చేయాలి?

1. ఈ-కోర్ట్స్ యాప్‌లో పేరు, సంవత్సరం వేసి వెతకండి. 16 అక్షరాలు, అంకెల సీఎన్ఆర్ నంబరు ఉంటే ఇంకా సులువు. ఏ కోర్టు, ఏ దశ అన్నది తెలుస్తుంది. దొరకకపోతే వకీలుతో కోర్టులో వాకబు చేయించండి.

2. బెయిలబుల్ వారెంటా, నాన్ బెయిలబులా కనుక్కోండి. మొదటిదైతే జామీను ఇస్తే వదులుతారు. రెండోదైతే పోలీసులు పట్టుకునేలోపే మీరే కోర్టుకు వెళ్లడం మంచిది.

3. వకీలు ద్వారా వారెంట్ రీకాల్ పిటిషన్ వేయించండి. పొద్దున్నే, కోర్టు మొదలయ్యేసరికి మనిషి హాజరుగా ఉండాలి. ఎందుకు రాలేకపోయారో కాగితాలతో చూపండి: ఇల్లు మారితే పాత, కొత్త అద్దె పత్రాలు, విదేశంలో ఉంటే పాస్‌పోర్టు ముద్రలు, జబ్బు చేస్తే ఆస్పత్రి చీటీలు. ఆధార్, జామీనుదారుని వెంట తీసుకెళ్లండి.

4. రీకాల్‌తో కేసు ముగియదు. నేరం ఒప్పుకోవాలా, వాదించాలా అన్నది వకీలుతో మాట్లాడి తేల్చుకోండి. ఒప్పుకుంటే జరిమానాతో పాటు జైలు కూడా పడే వీలుందని ముందే తెలుసుకోండి.

5. జరిమానా రసీదు, తీర్పు సర్టిఫైడ్ కాపీ, రీకాల్ ఆర్డరు కాపీ భద్రంగా పెట్టుకోండి. రీకాల్ సమాచారం పోలీస్ స్టేషన్‌కు చేరిందో లేదో కనుక్కోండి. చేరకపోతే పాత వారెంట్‌తోనే మళ్లీ తలుపు కొట్టవచ్చు.

ముందే పట్టుకుంటే?

వారెంట్ చూపించమని అడిగే హక్కు ఉంది. అరెస్టు సంగతి ఇంటివాళ్లకు చెప్పాలి. ప్రయాణ సమయం పోగా 24 గంటల్లోపు కోర్టులో హాజరుపరచాలి.

వకీలుకు డబ్బుల్లేకపోతే లీగల్ సర్వీసెస్ హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేయండి. కస్టడీలో ఉన్నవాళ్లకు, మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత వకీలు దొరుకుతారు. "నేను మేనేజ్ చేస్తా" అని కోర్టు గేటు దగ్గర పలకరించే బ్రోకర్లకు పైసా ఇవ్వొద్దు.

పెద్దలకు ఒక మాట. తప్పు చేసిన పిల్లాడిని కోప్పడండి, తౌబా చేయించండి. కానీ కోర్టుకు మాత్రం వెంట వెళ్లండి. ఆ భయంతో ఒంటరిగా ఉన్నన్నాళ్లు వాడు తేదీలు ఎగ్గొడుతూనే ఉంటాడు.